కడలి కాఫీ పద్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక

ఈ క్రింది యాటవెలది గ్రీసు దేశపు ఉత్తరభాగమున, థెర్మాయిక సింధుశాఖ కొసయందున్న థెస్సలొనీకి నగరమునందు, నీకిస్ వీథిలోని యొక కాఫీ హోటలులో, బిల్లు కాగితము వెనుకవైపున వ్రాయబడినది. కర్త మా మేనల్లుడు. వృత్తిచే సాఫ్టువేరు ఇంజనీరు, ప్రవృత్తిచే ఛందోభిమాని, ప్రస్తుతము న్యూయార్కు నగరమందలి యొక సంస్థకు జీతగాడై, ఆ నగరమును గాని ఆ సంస్థ భవనమును గాని ఒకమారైనను కంట చూడకయే వారి పనులు నడపుచున్నవాడు. ల్యాపుటాపు మూత తెరచి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, తెరపై పెక్కుమంది వరుసగా తమ తమ నిన్నటి పనులను ఏకరువు పెట్టుచుండగా, తన వంతు వచ్చుటకు ముందు దొరికిన యవకాశమున అతడు దీనిని రచించెను. అట్టి యవకాశమున పుట్టినది గనుక ఇందు ఆశుకవితకు సహజములైన గుణములును, శ్రద్ధ రెండుచోట్లకు చీలినప్పుడు తలయెత్తు దోషములును గలవు. వానిని వేరుపరచి చూపుట టీకాకారుని విధి.

మూలము

కడలి యొడ్డు చెంతఁ గప్పుతోఁ గూర్చుండి
పరుల గడియ చూచి పనులు సేయు
వాని తీఁగలేని వలదాహ మెన్నఁడు
నీటిరాశి యెదుట నీఁగ దయ్య

ప్రతిపదార్థము

కడలి యొడ్డు చెంతన్ = సముద్రతీరమునకు సమీపమున; కప్పుతోన్ = కాఫీ పాత్రతో; కూర్చుండి = ఆసీనుడై (లేవక యని ధ్వని); పరుల గడియ = ఇతరుల గడియారమందలి కాలమును; చూచి = కనిపెట్టి; పనులు = స్పష్టము; చేయువాని = ఒనర్చునట్టి పురుషునియొక్క; తీఁగలేని వలదాహము = తంత్రీరహితమైన జాలమునందలి తృష్ణ, అనగా వైఫై కొరకైన దప్పిక; నీటిరాశి యెదుట = జలనిధి సమ్ముఖమున నున్నను; ఎన్నఁడు = ఏనాడును; నీఁగదు = తొలగదు; అయ్య = ఓ యయ్యా.

వ్యాఖ్య

కడలి యొడ్డు చెంత. ఈ మాట చెవిని పడగానే తెలుగు చదువరి మనస్సున విశాఖపట్టణపు ఇసుకయు, అలల ఘోషయు, పాదములను తడిపి వెనుకకు మరలు నురుగును మెదలుట సహజము. అట్టి చదువరి ఇచట జాగరూకుడై యుండవలెను. మధ్యధరా సముద్రమున ఆటుపోటులే స్వల్పములు. అందును ఈ సింధుశాఖ మూడువైపుల నేలచే చుట్టబడినదగుటచే, గాలి లేని దినమున కెరటము గట్టును తాకినదో లేదో కూడ తెలియదు. ఇసుక మాట లేనే లేదు; ఉన్నది రాతిగట్టు. ఆ గట్టు వెంబడి షికారు చేయువారి బాట, దాని తరువాత కార్లును మోటారు సైకిళ్ళును ఎడతెగక పోవుచుండెడి నీకిస్ వీథి, వీథి దాటిన పిమ్మట కాలిబాట, ఆ పైని గాని మావాని మేజ రాదు. ‘గంగయందు గొల్లపల్లె’ యన్నప్పుడు పల్లె నీళ్ళలో నుండజాలదు గనుక గంగాశబ్దమునకు గంగాతీరమని లక్షణావృత్తిచే అర్థము చెప్పుకొనవలెనని మన శాస్త్రకారులు బోధించిరి. సముద్రతీరమున పని చేయుచున్నానని చెప్పుకొను నేటివారిలో పలువురి మాటలకు ఆ లక్షణయే శరణ్యము. మా కవి మాత్రము ‘ఒడ్డున’ ననక ‘ఒడ్డు చెంత’ ననెను. ఇది పునరుక్తి యని తొందరపడి తీర్పు చెప్పువారు ఆ వీథిని చూడనివారు. దాని వెడల్పంతయు ‘చెంత’ యను రెండక్షరములలో ఇమిడియున్నది.

అసలీ నగరమున కడలికి ఎదురుగా కూర్చుండుట యనునదియే అంత ప్రాచీనమైన యాచారము కాదు. క్రీస్తు పూర్వము 315 ప్రాంతమున కసాండరు రాజు, అలెగ్జాండరునకు సవతిచెల్లెలగు తన భార్య పేర ఈ పట్టణమును నెలకొల్పెను. తరువాత శతాబ్దముల తరబడి పట్టణమునకును సముద్రమునకును నడుమ కోటగోడ నిలిచియుండెను. 19వ శతాబ్ది యుత్తరార్ధమున తురుష్క ప్రభుత్వమువారు దానిని పడగొట్టించిరి. తూర్పు కొనయందలి బురుజొకటి మాత్రము మిగిలి, తెల్లబురుజను పేర నేడు పటములకెక్కినది. గోడ పడిన పిమ్మట గాని సామాన్యుడొకడు కుర్చీ వేసికొని నీటివైపు మొగము పెట్టుటకు వీలుపడలేదు. 1917 నాటి అగ్నిప్రమాదమున నగరపు నడిబొడ్డు కాలిపోగా, ఎర్నెస్ట్ ఎబ్రార్ అను ఫ్రెంచి వాస్తుశిల్పి క్రొత్త పటము గీచి, అరిస్టాటిల్ పేరిటి చౌకమును సముద్రమువైపు వాకిలిగా తెరచెను. వర్దారిస్ అని పిలువబడు వాయవ్యపు చలిగాలి వీచి పొగమంచును తరిమివేసిన దినములలో, ఆ వాకిటినుండి చూచిన, నీటికి ఆవలి దెసను దేవతల నివాసమని గ్రీకులు నమ్మిన ఒలింపస్ పర్వతము తెల్లని శిఖరముతో అగపడును. తెరపై నున్న చూపు మరల్చినవారికి అగపడును అని చెప్పుట సత్యమునకు మరింత దగ్గర.

కప్పుతో. ఇచ్చట కకారము గకారమగుట ద్రుతప్రకృతికము మీది సరళాదేశము. ఆంగ్లము నుండి వచ్చిన మాటకు చిన్నయసూరి చట్టము వర్తించునా యని శంకింపరాదు. మన యింట అడుగిడినది మన చట్టమునకు లోబడవలసినదే. అయితే ఇచట పాఠాంతరమొకటి కలదు. ఈ నగరమున వేసవిలో కాఫీ కప్పులో రాదు, పొడుగాటి గాజుగ్లాసులో మంచుముక్కలతో వచ్చును. కావున ‘చెంత గ్లాసుతో’ నని యుండవలెనని వాస్తవవాదులు. గ్లకారము సంయుక్తాక్షరమగుటచే దానికి ముందున్న తకారము గురువై గణభంగమగునని వారిపై ఆక్షేపణ. తెలుగున వేర్వేరు పదములు ప్రక్కప్రక్కన నున్నప్పుడు అట్టి గురుత్వము రాదని వారి సమాధానము. ఛందస్సు ఇరువురను భరించును గాని కవి స్వహస్తమున ‘కప్పు’ అనియే యున్నది గనుక మేము దానినే గ్రహించితిమి.

ఆ గ్లాసు చరిత్రము మాత్రము విడువదగినది కాదు. 1957లో ఇదే నగరమునందు జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనమునకు నెస్లే సంస్థ తరఫున వచ్చిన దిమిత్రిస్ వాకొండియోస్ అను ఉద్యోగి, విరామ సమయమున కాఫీ త్రాగ దలచి, వేడినీళ్ళు దొరకకపోగా, పిల్లల చాక్లెటు పానీయమును గిలకొట్టి చూపుటకు తెచ్చిన మూతపాత్రలో కాఫీపొడియు చన్నీళ్ళును మంచును వేసి ఆడించెననియు, నురుగు పొంగిన ఆ పానీయమే ఫ్రాపే యను పేర దేశమంతట వ్యాపించెననియు ప్రసిద్ధి. ఇప్పటి పడుచువారు దానిని పెద్దల పానీయముగా నెంచి, గిలకొట్టిన ఎస్ప్రెస్సోను మంచుపై పోసిన ఫ్రెడ్డోను కోరుదురు. పంచదార లేనిది ‘స్కేటో’, ఒక మోస్తరుది ‘మేట్రియో’, తియ్యనిది ‘గ్లికో’. ఏది యైనను, ఉద్యోగి యొకడు పని ఆపినప్పుడు పుట్టిన పానీయము, పని ఆపుట యెరుగని ఉద్యోగులకు నేడు ఆసనపు అద్దెగా ఉపయోగపడుచున్నది. అద్దె యనుటలో అతిశయోక్తి లేదు. ఒక్క కాఫీతో పూటంతయు కూర్చుండుట ఆ దేశమున అమర్యాద కాదు. వడ్డించువాడు కాఫీతోబాటు అడుగకయే మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టును, బిల్లును చిన్న గాజుపాత్రలో చుట్టి మేజ మీద నుంచును, లెమ్మని చెప్పడు. చట్టబద్ధమైన రసీదు ఇయ్యనిచో గిరాకీ సొమ్ము చెల్లింపనక్కరలేదను ప్రకటన గోడకు వ్రేలాడుట మరి యొక విశేషము. మన పద్యమునకు కాగితము దొరకుట ఆ చట్టము చలవయే.

పరుల గడియ చూచి. పద్యమునకు ప్రాణమిక్కడ నున్నది. అలంకారమునకై ‘పరుల’ యన్నాడని తలపరాదు, అది శాసనవిహితము. 2021లో గ్రీసు ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము, ఇతర దేశములవారు నెలకు 3,500 యూరోలకు తగ్గని రాబడి చూపించి, కంప్యూటరు మూలమున దూరపు పని చేసికొనుచు ఆ దేశమున నివసింపవచ్చును. కాని గ్రీసులోని యజమానికి పని చేయరాదు. అనగా దొరగారు పరదేశమున నుండి తీరవలెను. పరుల గడియను చూడని వానికి ఈ కడలిని చూచు అధికారము లేదు.

న్యూయార్కున ఉదయము తొమ్మిది గంటలు కొట్టునప్పుడు థెస్సలొనీకిలో సాయంకాలము నాలుగు గంటలు. కావున ఛాయాచిత్రములలో మనము చూచు ప్రభాతకాలపు కాఫీ, లేత యెండ, తెరచిన ల్యాపుటాపు అనునవి మావాని విషయమున కవిసమయములు మాత్రమే. నీకిస్ వీథి నైరృతి దిక్కునకు ముఖమై యున్నది. పూర్వాహ్ణమందు సూర్యుడు మేడల వెనుక నుండుటచే మేజలన్నిటికిని చల్లని నీడ. ఆ నీడ యందు మావానికి పని లేదు. అతని పని మొదలగు వేళకు సూర్యుడు మేడలు దాటి కడలి మీదికి వాలి, సూటిగా తెరమీద పడును. అక్షరములు మాయమై తెర అద్దమగును. అందు అతనికి తన ముఖమును, ప్రక్క కుర్చీలో నున్న టీకాకారుని ముఖమును తప్ప మరేమియు కానరాదు. గొడుగు క్రిందికి జరిగిన, గొడుగు నీడ తానును జరుగును. ఈ జరుగుట చీకటి పడువరకు సాగును. పని నడిరేయి వరకు సాగును.

గడియ యొక్కటియే యైన కొంత మేలు. అమెరికావారు మార్చి నెల రెండవ ఆదివారమున గడియారమును ముందునకు త్రిప్పుదురు, ఐరోపావారు అదే నెల చివరి ఆదివారమున గాని త్రిప్పరు. ఆ నడిమి దినములలో ఏడు గంటల అంతరము ఆరగును. శరత్తున ఐరోపావారు అక్టోబరు చివరి ఆదివారమున వెనుకకు త్రిప్పగా, అమెరికావారు నవంబరు మొదటి ఆదివారము వరకు వేచియుందురు, మరల ఆరు. మన దేశపు గడియారము ఎవరికొరకును కదలదు గనుక హైదరాబాదునకు అచ్చటికి వేసవిలో రెండున్నర గంటలు, శీతకాలమున మూడున్నర గంటలు అంతరము. రాత్రి తొమ్మిదింటికి భోజనము ముగించి మా అక్క కుమారునికి ఫోను చేయు వేళకు అక్కడ వేసవియైన ఆరున్నర, శీతకాలమైన ఐదున్నర. ఏ ఋతువైనను అతడు మీటింగులోనే యుండును. ‘పరుల’ యను బహువచనము నందు తల్లియు చేరునా యను ప్రశ్న ఇక్కడ ఉదయించుచున్నది. టీకాకారుడు ఆమెకు తమ్ముడగుటచే, చేరదని నిర్ణయము.

దూరమున నున్నవారి గడియకు లోబడుట ఈ నగరమునకు క్రొత్త కాదు. రోము నుండి వెడలగొట్టబడిన సిసెరో క్రీస్తు పూర్వము 58లో నెలల తరబడి ఇచ్చట తలదాచుకొని, మిత్రుడగు అట్టికసునకు లేఖపై లేఖ వ్రాయుచు, రోములో తనను గూర్చి ఏమి నడచుచున్నదోయని అల్లాడుచుండెను. ఒలింపసు అతనికిని ఎదుటనే యున్నది. తెలుగువారికి ఈ యూరి పేరు బైబిలు మూలమున పరిచితము. పౌలు ఇచ్చట కొంతకాలముండి, స్వహస్తములతో పాటుపడి, పిమ్మట దూరమునుండి థెస్సలొనీకయులకు పత్రికలు వ్రాసెను. అతని పేరనున్న రెండవ పత్రికలో పని మాని తిరుగువారిని మందలించుటయు కలదు. దూరమునుండి పర్యవేక్షణ జరుపు అధికారులకు అంతకంటె పూజ్యమైన పూర్వోదాహరణము దొరకదు.

పనులు. కఠినమైన చోట ‘స్పష్టము’ అని దాటిపోవుట మల్లినాథుడు కానివారందరు అనుసరించు మార్గము. ఆ పనులెట్టివని నేను అడుగకపోలేదు, అతడు చెప్పకపోలేదు.

తీఁగలేని వలదాహము. ‘వల’ అచ్చతెనుగు, ‘దాహము’ తత్సమము. ఈ రెంటికిని ముడివేసినందులకు వైయాకరణులు బొమలు ముడుతురు గాక. వస్తువే మిశ్రమైనపుడు సమాసము శుద్ధముగా నుండవలెనని పట్టుపట్టుట న్యాయము కాదు. వైఫై పెట్టె హోటలు లోపల గల్లాపెట్టె పైని నున్నది. సంకేతపదము బిల్లు మీద అచ్చుపడి యుండును. కడలి కనబడు మేజలకడ కరెంటు ప్లగ్గు లేదు. ప్లగ్గున్న మూలనుండి కడలి కనబడదు. మావాడు మొదట లోపల కూర్చుండి బ్యాటరీ నింపుకొని, తరువాత వెలుపలికి వచ్చి దానిని ఖర్చు పెట్టుకొనును. లోపలి వంటగదిలో ఎవరికో రొట్టె వేడిచేయుటకు మైక్రోవేవు పొయ్యి వెలిగించినంతసేపు మీటింగులోని మాటలు ముక్కలు ముక్కలగుట నేను కన్నులార చూచితిని, చెవులార వింటిని. ఆ పొయ్యియు, వైఫై యొక్క పాత బాటయు ఇంచుమించు ఒకే తరంగస్థాయిలో, 2.4 గిగాహెర్ట్‌జుల చెంత, నడచుట దానికి కారణము. 5 గిగాహెర్ట్‌జుల బాట వేగము గలదే గాని గోడ అడ్డుపడిన త్వరగా నీరసించును. ఇట్టి సమయములందు జేబులోని ఫోను తీసి హాట్‌స్పాటు వెలిగించుట, బావి ఎండినప్పుడు చెంబులో దాచిన నీటికై చేయి చాచుట వంటిది.

నీటిరాశి యెదుట. ఇచట కవికి తెలిసియో తెలియకయో ఉత్తమమైన శ్లేష కుదిరినది. నీటిరాశి యనగా సముద్రమని వాచ్యార్థము. కాని మనుష్య శరీరమున సగమునకు మించిన భాగము నీరే; ఆ నీరు వైఫై తరంగములను త్రాగివేయును. ఆరు గంటలు దాటగానే కొలువులు విడిచిన నగరవాసులు గుంపులు గుంపులుగా వచ్చి, కుర్చీలు దగ్గరకు లాగికొని, గల్లాపెట్టెకును మావానికిని నడుమ నిండుగా కూర్చుందురు. వారే ఆ రెండవ నీటిరాశి. వెనుక కడలి, ఎదుట జనసముద్రము. మొదటిది దాహమును తీర్పజాలదు, రెండవది దాహమును పెంచును. ఎన్నఁడు నీఁగదనుట ఈ రెండవ యర్థముననే సంపూర్ణముగా అన్వయించును.

అలంకారము విరోధాభాసమని తేలికగా చెప్పవచ్చును; నీరున్నను దప్పిక తీరకుండుట గనుక. కాని పద్యమునకు వెలుపల నేను కనుగొన్న అలంకారము ఇంతకంటె మేలైనది. మావాని వెనుక, నిజముగా, సింధుశాఖ యంతయు సాయంకాలపు బంగారు వన్నెతో మెరయుచుండెను. మీటింగు మొదలగుటకు ముందు అతడు తెరపై ఏదియో నొక్కెను. ఆ క్షణమున కడలి మాయమై, దాని స్థానమున చదువుకున్నవారి యింటి పుస్తకముల బీరువా యొకటి వెలసెను. ఇదేమని అడిగితిని. సముద్రము కనబడిన సెలవులో నున్నాననుకొందురు మామయ్యా, బీరువా కనబడిన పనిలో నున్నాననుకొందురు అనెను. ప్రకృతమును కాదని అప్రకృతమును నెలకొల్పుట అపహ్నుతి. ‘ఇది కడలి కాదు, బీరువా’ యని ఏ యాలంకారికుడును ఉదాహరణ మియ్యలేదు. గాలికి అతని చెవిప్రక్కని వెండ్రుకలు కదలినపుడెల్ల బీరువా అంచు చిరిగి, ఆ చిరుగులో నుండి ఒక పడవ తెరచాప తొంగిచూచుచుండెను. న్యూయార్కువారెవరును దానిని గమనించినట్లు లేదు.

తాత్పర్యము

చోటు తన యిచ్ఛ, వేళ పరుల యిచ్ఛ. ఇట్టివాడు ఏ సముద్రపు టెదుట కూర్చున్నను అతని దప్పిక వేరొక వస్తువునందుండునని భావము. పద్యము చదివినవారు కర్త దుఃఖించుచున్నాడని తలంపవచ్చును; నేను చూచినంతలో అట్లు లేదు. నాలుగు గంటల వరకు దినమంతయు అతనిదే. ఆ వేళల నతడు కపాని బజారులో ఆలివుకాయలు బేరమాడుచు, ఎగువ పట్టణపు సందులలో తిరుగుచు, ల్యాపుటాపు ముట్టక హాయిగా నుండును. దానిని గూర్చి పద్యము వ్రాయలేదు. ఖాళీ యున్నప్పుడు అతనికి పద్యము రాదట.

శేషము

ఇక మిగిలినది ‘అయ్య’. ఈ సంబోధన ఎవరికి? వడ్డించువానికని ఒక పక్షము. నీళ్ళగ్లాసు నింపుటకు అతడు మాటిమాటికి వచ్చుట చూచి, ఈ దాహము అది కాదయ్యా యని కవి చెప్పుచున్నాడని వారి యాశయము. వడ్డించువానికి తెలుగు రాదు గనుక ఇది నిలువదు. న్యూయార్కులోని పై యధికారికని రెండవ పక్షము. ఆ యధికారి స్త్రీ. ‘నీఁగ దమ్మ’ యన్నను గణమునకు గాని యతికి గాని భంగము లేదు, అయినను కవి మార్చలేదు గనుక ఇదియు నిలువదు. ఆ సాయంకాలము నాలుగు గంటలు మొదలు ప్రక్క కుర్చీలో కూర్చుండి, పని అయినదా, వైఫై వచ్చినదా, తెల్లబురుజు మూసివేయుదురేమో యని నిలువ నీయక ప్రశ్నించుచుండిన మేనమామకే ఇది సమాధానమనియు, ‘మామయ్య’ యను పదములోని మొదటి భాగము ఛందస్సున ఇముడక రాలిపోగా ‘అయ్య’ మిగిలినదనియు మా అక్క ఫోనులో వాదించినది. ఛందశ్శాస్త్రము చదువనివారి పాఠనిర్ణయము ప్రమాణము కాదు.